ఈసారి గుర్దాలు కాల్చిపెట్టను

అనంతగిరి,
10 ఆగస్టు 2013.

తమ్ముడు చిరంజీవికి,

అక్క ముత్తమ్మ దీవించి రాయునది. అయ్య పేరు పెట్టేటప్పుడే నిన్ను దీవించేశాడు కాబట్టి, ముందు ఇంకో చిరంజీవిని చేర్చడం లేదు. ఉన్నది ఒక్కటీ నిలబడితే చాలు. ఇక్కడ నేను, మీ బావ, పిల్లలు, గొర్రెలు, కుక్క అందరం క్షేమం. అక్కడ నువ్వు, సరళ, పాప బాగున్నారని తలుస్తాను. ఆ తలుస్తాను అన్నది వాడుక కోసం రాశాను. నీ కాలు బాగాలేదని నాకు తెలుసు.

ఫోను ఉండగా ఇంత ఉత్తరం ఎందుకని నవ్వుకుంటావేమో. దవాఖాన అన్న మాట నా నోట్లోంచి రాగానే మీ పఠాన్‌కోట్‌లో సిగ్నల్ పోతుంది. గొర్రెల సంగతి మాట్లాడితే పోదు, వానల సంగతికి పోదు, ఆ ఒక్క మాటకే పోతుంది. ఎలాగూ ఏటా రాఖీ పోస్టులో పంపుతాను కదా, దాంతోపాటే ఈసారి నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తున్నాను. చివరిదాకా చదువు. సరళ చాయ్ తెచ్చినా తాగుతూ చదువు, ఆపకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నల్ల పొట్టేలు బాగుంది. కొమ్ములు మెలి తిరిగాయి, పొగరు పెరిగింది. మొన్న నేను పనిచేసే అంగన్‌వాడీ గోడకు వేసిన గుడ్ల బొమ్మను కుమ్మి పెచ్చులూడగొట్టింది. సూపర్వైజరమ్మకు ఏం చెప్పాలో తెలియక పిల్లలు రాయి విసిరారన్నాను. కాలువకు నీళ్లు వదిలారు, వేములపల్లి వైపు నాట్లు మొదలయ్యాయట. రాష్ట్రం సంగతి నీకు టీవీలోనే మాకంటే ముందు తెలుస్తుంది. కోదాడ బస్టాండులో ఒకే బెంచీ మీద ఇటువాళ్లూ అటువాళ్లూ కూర్చుని చాయ్ తాగుతూ కొట్లాడుకుంటున్నారు, బస్సు రాగానే ఒకరి సంచి ఒకరు అందించుకుంటున్నారు.

దసరాకు సెలవు దొరుకుతుందని, పొట్టేలును కోయించి గుర్దాలు నిప్పుల మీద కాల్చి ఉంచమని రాశావు. దాని సంగతి చివర చెబుతాను.

ఇక నీ కాలి సంగతి. బొటనవేలు ఎర్రగా ఉబ్బిందని, బూటు వేసుకోలేకపోతున్నావని, రోజూ రెండు నొప్పి గోలీలు మింగి పరేడుకు పోతున్నావని రాశావు. "మన జిల్లా నీళ్లు తాగి పెరిగినోళ్లం, ఎక్కడికి పోయినా మన నీళ్లు మన కీళ్లల్ల ఉంటయ్ అక్కా" అని కూడా రాశావు. ఆ వాక్యం చదివాక నాకు అన్నం సహించలేదు. ఎందుకో కూడా చెబుతాను. దానికి ముందు, నేను హైదరాబాద్‌లో మిషనులో ఎందుకు పడుకున్నానో చెప్పాలి. బావ ఫోనులో చెప్పాడు కదా. ఆయన నోటికి తాళం వేయాలంటే మంద దొడ్డి తాళం కూడా చాలదు.

చైత్రంలో నా కుడికాలి బొటనవేలు ఉబ్బింది. పొద్దున లేచి నేల మీద కాలు మోపితే ప్రాణం పోయినట్టయింది. చీర కుచ్చిళ్లు తగిలినా ఓర్చుకోలేకపోయాను. అంగన్‌వాడీలో పిల్లలు నా నడక చూసి నా వెనకే కుంటుతూ నడిచి ఆడుకున్నారు. ఊళ్లో అందరూ ఒకటే మాట, ఫ్లోరిన్ నీళ్లని. మన దగ్గర ఎవరికి ఏ కీలు నొచ్చినా నీళ్ల మీదికే పోతుంది కదా. నీళ్ల వల్ల వంగిపోయిన మనుషులు నిజంగా ఉన్నారు, వాళ్ల కష్టం అబద్ధం కాదు. నా వేలు మాత్రం నీళ్ల పాపం కాదని నాకు మనసులో తెలుసు. అందుకే ఎవరికీ చెప్పకుండా సూర్యాపేట పోయాను.

అక్కడ శ్రీనాథ్ అని ఒక పడుచు డాక్టరు ఉన్నాడు. వేలు చూశాడు, రక్తం తీయించాడు. యూరిక్ యాసిడ్ తొమ్మిది దాటిందన్నాడు. ఒంట్లో తయారయ్యే మలినం అది, మూత్రంలో పోవాలి, పోక నిలిచితే కీళ్లలో గాజు పొడిలా పేరుకుంటుంది, కిడ్నీలను, అంటే మన గుర్దాలను కూడా మెల్లగా తింటుందని చెప్పాడు. అయితే కిడ్నీల రక్తపరీక్ష మాత్రం బాగానే వచ్చింది. నేను సంతోషపడి సంచి సర్దుకుంటుంటే ఆయన కూర్చోమన్నాడు. "బాగ వచ్చిందని నిమ్మళపడొద్దమ్మా. ఆ పరీక్షల తేడా కనిపించేసరికి కిడ్నీ సగం చెడి ఉంటది" అన్నాడు.

హైదరాబాద్‌లో ఆయనకు చదువు చెప్పిన పెద్ద డాక్టరు ఒకాయన, నాలాంటివాళ్లను, అంటే యూరిక్ యాసిడ్ ఎక్కువై రక్తపరీక్ష ఇంకా చెడనివాళ్లను, పిలిచి ఎమ్మారై తీస్తున్నాడట. మొదట్లోనే దెబ్బ కనిపెట్టవచ్చా లేదా అని పరిశోధన. సూది లేదు, మందు ఎక్కించేది లేదు, కోసేది లేదు, ఖర్చు వాళ్లదే. వస్తావా అని అడిగాడు. సూది లేదన్న మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. అయ్య నడుములో పొడవాటి సూది దింపి కిడ్నీ ముక్క తీయడం, ఆ తర్వాత రెండు రోజులు ఆయనకు ఎర్రటి మూత్రం రావడం నీకూ గుర్తుండే ఉంటుంది. నువ్వు గోడ వైపు తిరిగి నిలబడ్డావు. ఇప్పుడు మిలిటరీవాడివై తుపాకీ పట్టుకున్నావు గానీ, సూది అంటే నీ ముఖం ఇంకా గోడ వైపే ఉంటుందని సరళ చెప్పింది. నీ ఉత్తరంలో ఎమ్మారైలో సూది గుచ్చుతారా అని అడిగింది అందుకే కదా. గుచ్చరు. నా ఒంటి మీద చీమంత గాటు పడలేదు.

జరిగింది చెబుతాను విను. అది పెద్ద అయస్కాంతమట. ఒంటి మీద లోహమన్నది ఉండకూడదు. గాజులు, కమ్మలు, పిన్నీసులు తీశాను. పుస్తెలు తీయమన్నారు. బావ ముఖం పాలిపోయింది. చేతిరుమాలులో మూటగట్టి, నేను బయటికి వచ్చేదాకా గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదట. మెట్టె మాత్రం రాలేదు. వాపు పక్క వేలికి కూడా పాకి అది బిగుసుకుపోయింది. శాంతకుమారి అని ఒక నర్సు, మిర్యాలగూడ పిల్ల, నా కాలు తన ఒళ్లో పెట్టుకుని సబ్బు రాసి, దారం చుట్టి, దాన్ని మెల్లగా తీసింది. నొప్పికి నేను తిట్టిన తిట్లు విని, "మా నాయనమ్మ గూడ గిట్లనే తిడ్తది, మీది ఏ ఊరు" అని అడిగింది. ఊరు చెప్పగానే నవ్వింది.

సొరంగంలాంటి దాంట్లోకి పడుకోబెట్టి తోశారు. చెవులకు డబ్బాలు పెట్టారు గానీ, లోపల మిల్లులో ఉన్నట్టే ఒకటే మోత. కళ్లు మూసుకున్నాను. పైనుంచి ఒక గొంతు, ఊపిరి తీసుకుని బిగబట్టమంటుంది, వదలమంటుంది, మళ్లీ బిగబట్టమంటుంది. ఊపిరి తీస్తే కిడ్నీ కదిలి బొమ్మ చెదురుతుందట. మూడోసారి బిగబట్టేటప్పటికి నేను హైదరాబాద్‌లో లేను. వేములపల్లి కాలువలో ఉన్నాను.

నీకు జ్ఞాపకముందా, ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కాలువలో కడిగేవాళ్లం. అయ్య ఒక్కొక్కదాన్నీ నీళ్లలోకి దించేవాడు, నేను రుద్దేదాన్ని, నువ్వు గట్టెక్కించేవాడివి. పని అయ్యాక మనిద్దరం తల ముంచి ఊపిరి బిగబట్టే పందెం. నువ్వు ప్రతిసారీ గెలిచేవాడివి, ఎందుకంటే నేను నీళ్లలో కళ్లు తెరిచి నువ్వు ఎలా ఉన్నావో చూసి ముందే లేచేదాన్ని. నువ్వు లేవకపోతే ఎలాగని భయం. గట్టు మీద తడి ఉన్ని వాసన, కోసిన మళ్ల వాసన, అయ్య గొంగడి ఆరేసిన తుమ్మచెట్టు, అన్నీ ఆ మోతలో నా కళ్ల ముందుకు వచ్చాయి. ఏడుపొచ్చింది. కదలొద్దన్నారు కాబట్టి కదలకుండానే ఏడ్చాను.

ఒక ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. నువ్వు ఎనిమిదేళ్లవాడివి, నాకు పదిహేడు. అమ్మ పోయి ఐదేళ్లయింది. కోతలయ్యాక మంద తోలుకుని వేములపల్లి మళ్లలో దిగాం. ఎరువు కోసం తన మళ్లలో మంద పెట్టించుకున్న రైతు తిండిగింజలిచ్చి, చివరి రోజున ఒక గొర్రెను కోసుకోండని చెప్పేవాడు. అయ్యకు ఒక కట్టు ఉండేది కదా, "మంద కొదవ లేకుండ తెచ్చినోనికే గుర్దాలు" అని. తలకాయ, బోటీ, మాంసం అందరం తినవచ్చు, కార్జం పంచుకోవచ్చు. రెండు గుర్దాలు మాత్రం నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారం అద్ది, ఆ సీజనులో ఒక్క పిల్లను కూడా పోగొట్టకుండా కాసినవాడి ఆకులో వేసేవాడు. అది మనింట్లో పతకం. ఏ బడిలోనూ అంత పెద్ద బహుమతి ఇవ్వరు.

ఆ ఏడు నువ్వు కాలువలో ఈదుతుంటే నీ కాపలాలోని గొర్రెపిల్ల నీళ్లలో పడి కొట్టుకుపోయింది. నువ్వు వణుకుతూ నా దగ్గరికి వచ్చావు. అయ్యకు నేను, నా చేతిలోనే పోయిందని చెప్పాను. కర్రతో ఒక్క దెబ్బ వేశాడు. చివరి రోజున రెండు గుర్దాలూ నీ ఆకులో వేసి, "సూడు, పిలగాడు కాసిండు" అన్నాడు. నువ్వు తలెత్తలేదు. ఒకటి తీసి నా ఆకులో పెట్టావు. అయ్య చూసి, ఉప్పు నా వైపు జరిపాడు. ఆ గుర్దా రుచి నా నోట్లో ఇప్పటికీ ఉంది తమ్ముడూ. నీకోసం అబద్ధమాడితే తప్పు కాదని ఆ రోజే నాకు అలవాటైంది.

మిషను సంగతి ముగిస్తాను. వారం తర్వాత పెద్ద డాక్టరు పిలిచి కంప్యూటరులో రెండు బొమ్మలు పక్కపక్కన చూపించాడు. ఒకటి ఏ జబ్బూ లేనివాళ్లది, ఒకటి నాది. చిక్కుడు గింజల్లా ఉన్నాయి, రంగురంగులుగా. కిడ్నీ లోపల నీరు ఎంత తేలికగా కదులుతోంది, ప్రాణవాయువు ఎక్కడ సరిగా అందడం లేదు, ఆ రంగులు చెబుతాయట. నా దాంట్లో కొన్నిచోట్ల రంగు వేరుగా ఉంది. దెబ్బ మొదలైనట్టుంది, ఇది ఇంకా పరిశోధనే కాబట్టి ఈ ఒక్క బొమ్మతో తీర్పు చెప్పనని, అయినా ఇప్పుడే జాగ్రత్త పడితే అక్కడే ఆపవచ్చని అన్నాడు. యూరిక్ యాసిడ్ తగ్గించే గోలీ రాశాడు. నీళ్లు బాగా తాగమన్నాడు, గుర్దాలు, కార్జం, బోటీ, కల్లు మానమన్నాడు. నొప్పి గోలీలు అడగకుండా ముట్టుకోవద్దని, కిడ్నీలను ముంచేది అవేనని రెండుసార్లు చెప్పాడు.

నాకు అయ్య గుర్తొచ్చాడు. గొర్రె మేత మానేశాక జబ్బని తెలుసుకోవడం ఎవరైనా చేస్తారు, నెమరు తగ్గినప్పుడే పసిగట్టేవాడు కాపరి అనేవాడు కదా. మందలో నూరు గొర్రెలుంటే, నడిచిపోతూనే ఒకదాని దవడ వైపు చూసి, రేపు దీనికి జ్వరం అనేవాడు. తప్పేది కాదు. అటువంటి మనిషి తన ఒంటి నెమరు వినలేదు. వేలికి ఆముదపాకు కట్టుకుని, ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన రంగు గోలీలు గొంగడి కొసకు ముడేసుకుని, పూటకొకటి మింగుతూ అనంతగిరి నుంచి వేములపల్లిదాకా నడిచాడు. పన్నెండేళ్లు అలాగే నడిచాడు. గొర్రె కోసిన ప్రతిసారీ ఆయన వేలు ఉబ్బేది. ఊరు మారింది, ఆ నీళ్లు పడలేదు అనుకునేవాళ్లం. కోసింది, తిన్నది ఎవరమూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు నీ వాక్యం దగ్గరికి వస్తాను. మన నీళ్లు మన కీళ్లల్ల ఉంటయ్ అని రాశావు చూడు, ఆ మాట నీకు నేర్పింది నేనే. 2004లో అయ్య హైదరాబాద్ దవాఖానలో ఉన్నప్పుడు, సూదితో తీసిన ముక్క పరీక్ష వచ్చిన రోజున, అక్కడి డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఆమె మాటలు ఒక్కటి కూడా మరవలేదు. "ఇది నీళ్లతోని వచ్చింది కాదమ్మా. యూరిక్ యాసిడ్, పైనుంచి నొప్పి గోలీలు. ఇది మీ ఇంట్ల ఉన్న గుణం. నువ్వు, మీ తమ్ముడు ఏటా రక్తం చూపించుకోవాలె. వానికి తప్పకుండ చెప్పు" అన్నది. కాగితం మీద రాసి కూడా ఇచ్చింది.

అది శుక్రవారం. సోమవారం నీకు మిలిటరీ భర్తీ మెడికల్. పరుగులో గెలిచి, ఊరందరికీ చెప్పుకుని, అయ్య మంచం పక్కన కూర్చుని, నేను జీతం తెచ్చి నీకు మంచి దవాఖాన చూపిస్తా అని ఏడ్చినవాడివి. ఈ కాగితం నీ చేతిలో పెడితే నువ్వు నిజం చెప్పేస్తావు. నిజం చెబితే వాళ్లు నిన్ను వెనక్కి పంపుతారని భయపడ్డాను. బస్టాండులో నువ్వు, "అయ్యకు ఏందన్నరక్కా?" అని అడిగావు. "నీళ్లేనట తమ్ముడూ, మన నీళ్లే" అని చెప్పి నీకు టిఫిన్ డబ్బా అందించాను. నీకు ఉద్యోగం వచ్చింది. రెండు నెలలకు అయ్య పోయాడు. ట్రైనింగు నుంచి ఒక్క రోజు సెలవు మీద వచ్చి, ఆ నీళ్లే మా అయ్యను మింగినయ్ అని నలుగురిలో నువ్వు ఏడుస్తుంటే నేను నీ పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెప్పవలసింది. నువ్వు కుదురుకున్నాక చెబుదామనుకున్నాను, పెళ్లయ్యాక అనుకున్నాను, పాప పుట్టాక అనుకున్నాను. తొమ్మిదేళ్లు గడిచిపోయాయి. సెలవుకు వచ్చిన ప్రతిసారీ నా చేతులతోనే నీకు గుర్దాలు కాల్చిపెట్టాను. వద్దంటే ఎందుకని అడుగుతావు కదా.

నీ మంచికే చేశానని రాసి తప్పించుకోను. నీ ఉద్యోగాన్ని కాపాడి నీ ఒంటిని వదిలేశాను. ఇది మీ బావకు కూడా నిన్నటిదాకా తెలియదు. రాత్రి చెప్పాను. పొద్దున్నే కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టి, "గొర్రెపిల్ల పోతే ఇంకోటి ఈనుతది. ఇది గట్ల కాదు, ఇయ్యాలనే రాయి" అన్నాడు.

రిపోర్టులో ఏదన్నా తేలితే మిలిటరీలో నీ ఆరోగ్యం కేటగిరీ తగ్గిస్తారని, అందుకే నువ్వు యూనిట్ డాక్టరు దగ్గరికి పోవడం లేదని సరళ నాకు చెప్పింది. ఆమె మీద కోప్పడకు, ఏడ్చి చెప్పింది. తగ్గిస్తే తగ్గించనీ. కొండల మీద కాకపోతే స్టోరులో కూర్చోబెడతారు. అదీ వద్దంటే ఇంటికి రా, నల్ల పొట్టేలు పొగరు దించే మనిషి ఇక్కడ ఎవరూ లేరు. అయ్య మంచం చుట్టూ మనం తిరిగినట్టు నీ మంచం చుట్టూ నీ పాప తిరగడం నేను చూడలేను. ముందు ఆ నొప్పి గోలీలు ఆపు. మీ డాక్టరుకు అయ్య సంగతి, నా సంగతి దాచకుండా చెప్పు. రక్తం, మూత్రం చూస్తారు. రక్తానికి చిన్న సూదే, గోడ వైపు తిరిగి నిలబడు, ఎవరూ నవ్వరు. ఎమ్మారై తీయాలంటే భయపడకు, కళ్లు మూసుకుని వేములపల్లి కాలువలో మునుగు. ఊపిరి బిగబట్టడంలో నిన్ను గెలిచినవాళ్లు లేరు.

దసరాకు తప్పకుండా రా. నల్ల పొట్టేలును కోయించను, గుర్దాలు కాల్చిపెట్టను. జొన్నరొట్టె, సొరకాయ కూర, గడ్డపెరుగు పెడతాను, మూతి ముడుచుకుని అయినా తిను. ఏటా రాఖీకి చీర పైసలు పంపుతావు, ఈసారి అవి వద్దు. నీ రక్తపరీక్ష కాగితం పంపు. అది ఎలా వచ్చినా సరే, దాచకుండా పంపు. మనింట్లో కాగితం దాచినది నేనొక్కదాన్నే కావాలి, నువ్వు నేర్చుకోవద్దు.

ఆ డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం అయ్య గొంగడి మడతలో ఇన్నేళ్లూ భద్రంగా ఉంది. ఇవాళ తీసి, నీ రాఖీని దాంట్లోనే చుట్టి ఈ కవరులో పెట్టాను. కాగితం విప్పితేగానీ రాఖీ కనబడదు. పూర్తిగా చదువు. చదివాక కూడా నీకు కట్టుకోవాలని అనిపిస్తే, సరళతో కట్టించుకో. అనిపించకపోతే కాగితం ఒక్కటి ఉంచుకుని, రాఖీ వెనక్కి పంపు. నేనేమీ అనుకోను.

ఇట్లు,
గొర్రెపిల్ల నాడు ఒకసారి, బస్టాండులో ఒకసారి
నీకోసం అబద్ధమాడి, మూడోసారి ఆడలేని
నీ అక్క,
ముత్తమ్మ